కన్యాశుల్కం: ముందు సినిమానా, నాటకమా?

చిత్తూరు, తిరుపతి వైపు వాళ్లు గురజాడ అప్పారావు నాటకం కన్యాశుల్కం ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే, ముందు సినిమా చూడమనే చెబుతాను. పుస్తకం ఆ తర్వాత. రంగస్థలం మీద ఎవరైనా వేస్తున్నారని తెలిస్తే మాత్రం అన్ని పనులూ మానుకుని వెళ్లాలి. సాహిత్యం బాగా చదివినవాళ్లు దీనికి ఒప్పుకోరు, మూలం చదవకుండా సినిమా చూస్తే గురజాడకు అన్యాయం అంటారు. ఆ మాట విజయనగరం వాళ్లకు చెల్లుతుందేమో, మనకు చెల్లదు.

కారణం యాస. 1892లో తొలిసారి ప్రదర్శించి, 1909లో బాగా పెంచి మళ్లీ అచ్చువేసిన ఆ నాటకం నిండా ఉత్తరాంధ్ర నుడికారమే. "యాడికి పోతా ఉండావప్పా" అని వింటూ పెరిగిన మన చెవికి ఆ మాటలు కాగితం మీద వెంటనే పలకవు. పైగా నడుమ నడుమ మాటకారి మోసగాడు గిరీశం ఇంగ్లీషు. మొదటి అంకంలోనే పుస్తకం మూసేసినవాళ్లు నాకు చాలామంది తెలుసు. అదే సంభాషణ మనిషి నోట వింటే ముఖమూ చెయ్యీ గొంతూ కలిసి అర్థం చెప్పేస్తాయి. 1955లో పి. పుల్లయ్య దర్శకత్వంలో వచ్చిన సినిమా మనకు చేసే పెద్ద మేలు ఇదే. అది చూశాక పుస్తకం తెరవండి, రామప్పపంతులు మాటలు సినిమాలో ఆ వేషం వేసిన సి.ఎస్.ఆర్. గొంతులోనే వినిపిస్తాయి.

కథ ముందే తెలిసిపోతే మజా ఏముంటుందని కొందరి అనుమానం. మన జిల్లాలో ఈ అనుమానం రాకూడదు. ద్రౌపదమ్మ గుళ్లలో ఏటా భారతం జరిగితే పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధినాటకం. అర్జునుడు తపస్సుమాను ఎక్కుతాడనీ, చివరి రోజు మట్టి దుర్యోధనుడు పడతాడనీ చిన్నపిల్లలకు కూడా తెలుసు. అయినా చాప తీసుకుని ముందే వెళ్లి చోటు పట్టుకుంటారు. ఏం జరుగుతుందో తెలిసినవాడే ఎలా ఆడుతున్నారో చూడగలడు.

సినిమాలో అన్నిటికన్నా గొప్పది వేశ్య మధురవాణిగా సావిత్రి నటన. ఎదుటివాడిని పొగుడుతూనే కళ్లతో తూకం వేసే ఆ చూపు పేజీలో దొరకదు, తిరుపతి మహతి ఆడిటోరియంలో నాటకం చూస్తూ వెనక వరసలో కూర్చున్నవాళ్లకూ అందదు. చిన్నపిల్లను పెళ్లాడాలనుకునే ముసలి లుబ్ధావధాన్లుగా గోవిందరాజుల సుబ్బారావు మరో మెట్టు. ఘంటసాల సంగీతం సరేసరి. నాటకంలో లేని గురజాడ గేయం 'పుత్తడిబొమ్మా పూర్ణమ్మా'ను సినిమాలోకి తేవడం నాకు ఎంతో నచ్చింది. ముసలివాడికి కట్టబెట్టిన ఆడపిల్ల గోడు నాటకంలో నవ్వుల చాటున నలుగుతుంది, ఆ పాటలో నేరుగా వచ్చి తగులుతుంది.

గిరీశం దగ్గరికి వచ్చేసరికి నా ఓటు నాటకానికే. ఎన్.టి.ఆర్. బాగానే చేశారు, 'పాతాళ భైరవి' చేసిన కథానాయకుడు ఇలాంటి మోసగాడి వేషం కట్టడానికి ధైర్యం కావాలి కూడా. కానీ ఆ అందగాణ్ణి చూస్తే మనకు ముందే అభిమానం పుట్టుకొస్తుంది. పుస్తకంలో ఆ రక్షణ లేదు. "నాతో మాట్లాడ్డమే ఒక ఎడ్యుకేషన్" అనే మనిషి భోజనం పెట్టి బతికే పూటకూళ్లమ్మ డబ్బు ఎలా తగలేశాడో, పడుచు వితంతువు బుచ్చమ్మ అమాయకత్వాన్ని ఎలా వాడుకోబోతున్నాడో మాట మాటకూ బయటపడుతుంది. నవ్వుతూనే వాడిమీద కోపం తెచ్చుకుంటాం.

రంగస్థలానికే సొంతమైనది మంచం ఘట్టం. మధురవాణి ఇంట్లో మంచం కింద రామప్పపంతులు, అక్కడికే దూరిన గిరీశం, చీపురు పట్టుకుని వచ్చిన పూటకూళ్లమ్మ, పైన ఏమీ ఎరగనట్టు మధురవాణి. కెమెరా ఒకరి దగ్గరికి వెళితే మిగతావాళ్లు తప్పిపోతారు. వేదిక మీద మంచం పైనా కిందా ఒకేసారి కనిపిస్తాయి, ఎవరిని చూడాలో మన ఇష్టం. చీపురుదెబ్బ ఎవరికి తగలబోతోందో మనకు తెలుసు, వాళ్లకు తెలియదు. హాలంతా ఒక్కసారిగా నవ్వుతుంది, ఇంట్లో ఫోనులో చూస్తే ఆ నవ్వు రాదు. చిత్తూరు రామవిలాస సభ నాటకాల్లో ఆడి, తర్వాత సినిమాల్లో వెలిగిన నాగయ్య గారి ఊరివాళ్లకు వేదిక రుచి వేరే చెప్పక్కర్లేదు. చిక్కల్లా ఒకటే, పూర్తి నాటకం ఆడాలంటే గంటలు గంటలు పడుతుంది, అందుకే ఎక్కువగా కుదించిన ప్రతులే వేస్తారు.

కుదింపులో ఎక్కువగా దెబ్బతినేది ఏడో అంకం. మధురవాణి మగవేషంలో వకీలు సౌజన్యారావు పంతులు ఇంటికి వెళ్లే భాగాన్ని మాత్రం పుస్తకంలోనే, తీరిగ్గా చదవాలి. వేశ్యల్ని ఇంటి దరిదాపులకు రానివ్వని ఆ పెద్దమనిషి నియమానికీ, ఆమె తెలివికీ మధ్య జరిగే ఆ వాదంలో ఎవరిది పైచేయో పేజీ పేజీకీ మారుతుంది. సినిమా చూసిన వారంలోనే, మరిచిపోకముందే, ఇంట్లో ఇద్దరు కూర్చుని చెరో పాత్ర పంచుకుని బిగ్గరగా చదవండి. మన యాస అడ్డొచ్చినా ఫరవాలేదు, ఆపకండి.