గీజ్ వినాలంటే లాలిబెలా, చూడాలంటే అక్సుమ్

ఇథియోపియా వెళ్లేవారిలో ఎక్కువమంది లాలిబెలా ఊరిలోని రాతి చర్చిల కోసం వెళతారు. మేము గీజ్ భాష కోసం వెళ్లాము. ఇళ్లలో మాట్లాడడం దాదాపు వెయ్యేళ్ల క్రితమే ఆగిపోయినా, ఇథియోపియా, ఎరిత్రియా ఆర్థడాక్స్ చర్చిలలో నేటికీ ఆరాధన జరిగేది ఈ భాషలోనే. ఇథియోపియా యూదులైన బేత ఇజ్రాయెల్ ప్రజల ప్రార్థనలకూ ఇదే ఆధారం.

ఆడిస్ అబాబాలో, హైలె సెలాసీ చక్రవర్తి పాత రాజభవనంలో ఉన్న విశ్వవిద్యాలయ మ్యూజియానికి ఒక పూట చాలు.

ప్రాచీన రాజధాని అక్సుమ్‌లో ఎత్తైన రాతి స్తంభాల కంటే నన్ను ఎక్కువసేపు నిలిపింది ఒక చిన్న రేకుల షెడ్డు. రైతులకు దొరికిన ఎజానా రాజు శాసనం అందులో ఉంది. 4వ శతాబ్దంలో క్రైస్తవాన్ని స్వీకరించిన ఆ రాజు తన విజయాలను గ్రీకు, సబాయి (దక్షిణ అరేబియా ప్రాచీన భాష), గీజ్ భాషలలో చెక్కించాడు. అంతకుముందు హల్లులు మాత్రమే రాసే గీజ్ లిపిలో అచ్చుల గుర్తులు చేరినది కూడా ఆ కాలంలోనే. ప్రతి అక్షరానికీ ఏడు రూపాలు, ఎడమ నుంచి కుడికి రాత. గుణింతం నేర్చుకుని పెరిగిన మనకు ఆ పట్టిక ముందు నిలబడితే పరాయితనం అనిపించదు. ప్రాచీన యూదు మత గ్రంథమైన హనోకు గ్రంథం పూర్తిగా మిగిలింది గీజ్‌లోనే అన్న సంగతి తెలిసి వెళితే ఈ ఊరి విలువ ఇంకా బోధపడుతుంది. సియోను మరియమ్మ పాత చర్చిలోకి స్త్రీలకు ప్రవేశం లేదు; పక్కనే 1960లలో కట్టిన కొత్త చర్చిలోకి అందరూ వెళ్లవచ్చు. గది తీసుకునే ముందు జనరేటరు, నీటి సరఫరా గురించి తప్పక అడగండి.

సమయం తక్కువైతే మాత్రం నా ఓటు లాలిబెలాకే. ఒకే రాతిని పైనుంచి కిందికి తొలిచిన ఇక్కడి చర్చిలలో గీజ్ ప్రదర్శన వస్తువు కాదు, జనం నోట పలికే ప్రార్థన. ఆదివారం తెల్లవారకముందే మొదలయ్యే ఆరాధనలో డీకన్ (పూజారి సహాయకుడు) లేవమని పిలవగానే, తెల్లటి నెతెలా కప్పుకున్న భక్తులంతా ఒక్క గొంతుతో ‘ఎగ్జియో తెసహలెనె’ అని కరుణ వేడుకుంటారు. పండుగ ముందు రాత్రయితే దెబ్తెరాలు అనే గాయకులు చేతికర్రలతో, గజ్జెల్లాంటి త్సెనాత్సిల్‌తో, కెబెరో డోలుతో తెల్లవార్లూ పాడుతారు. ఈ సంగీతాన్ని 6వ శతాబ్దపు యారెద్ మూడు రీతులుగా కూర్చాడని వారి సంప్రదాయం. ప్రసంగం మాత్రం నేటి వాడుక భాష అమ్హారిక్‌లో సాగుతుంది.

అందుకే ఇక్కడ కొండ అంచున ఉన్న ఖరీదైన లాడ్జీ కంటే చర్చికి నడిచి వెళ్లగల చిన్న గెస్ట్‌హౌస్ మేలు. మా గెస్ట్‌హౌస్‌లో వేడినీళ్లు సరిగా రాలేదు, అయినా చీకట్లో వాహనం కోసం ఎదురుచూసే పని తప్పింది. సుమారు 2,500 మీటర్ల ఎత్తు కనుక తెల్లవారుజామున చలి గట్టిగానే ఉంటుంది. చెప్పులు విడవాలి, తివాచీలలో కుట్టే పురుగులు ఉంటాయి కాబట్టి మందపాటి మేజోళ్లు వేసుకోండి. గైడును ఎంచుకునేటప్పుడు చర్చి బడిలో చదివాడా అని అడగండి. కట్టడాల కొలతలు ఎవరైనా చెబుతారు, పాడుతున్నదేమిటో వివరించగలవారు ఆ చదువు చదివినవారే.

శాకాహారులకు బుధ, శుక్రవారాలు అనుకూలం. ఆ ఉపవాస దినాలలో మాంసం, పాలు, నెయ్యి లేకుండా దోసెలాంటి ఇంజెరా మీద పప్పులు, కూరలు వడ్డిస్తారు.

అక్సుమ్ ఉన్న తిగ్రే ప్రాంతంలో యుద్ధం 2022లో ముగిసినా, లాలిబెలా ఉన్న అమ్హారా ప్రాంతంలో 2023 నుంచి ఘర్షణలు మొదలయ్యాయి. భారత ప్రభుత్వ సూచనలు చూసుకున్నాకే తేదీలు ఖరారు చేసుకోండి. రెండు ఊళ్లకూ రోడ్డు మార్గం వదిలి ఆడిస్ నుంచి విమానంలోనే వెళ్లండి. అంతర్జాతీయ టికెట్టు ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్‌దే అయితే దేశీయ ప్రయాణానికి రాయితీ ఉందేమో బుక్ చేసేటప్పుడే అడగండి.