దుపోండియస్సా, ఆసా?

దుపోండియస్, ఆస్ అనే పాత నాణేలను రోమన్ కంచు నాణేలని వాడుకలో అంటాం కానీ, క్రీ.పూ. 20 ప్రాంతంలో రోమన్ చక్రవర్తి అగస్టస్ నాణేల్లో చేసిన మార్పుల తర్వాత ఈ రెండూ కంచువి కావు. దుపోండియస్ ఇత్తడి, ఆస్ రాగి. దుపోండియస్ విలువ రెండు ఆస్‌లు. సైజు మాత్రం దాదాపు ఒకటే, అసలు చిక్కంతా అక్కడే. కొత్తగా ఉన్నప్పుడు ఒకటి పసుపుపచ్చగా, ఇంకొకటి ఎర్రగా మెరిసేవి కాబట్టి రోమ్ బజారులో ఎవరికీ టెన్షన్ లేదు. రెండు వేల ఏళ్లు మట్టిలో ఉండి చిలుము పట్టాక రెండూ ఆకుపచ్చగానే కనిపిస్తాయి.

అప్పుడు తల చూడాలి. నీరో చక్రవర్తి కాలం నుంచి దుపోండియస్ మీద చక్రవర్తికి సూర్యకిరణాల కిరీటం, ఆస్ మీద ఎక్కువగా ఆకుల దండ. రాణుల బొమ్మలకు ఆ కిరీటం ఉండదు. అలాంటి నాణేలు దొరికితే నేనైతే బరువు తూచి, లోహం రంగు బయటపడిన చోటు కోసం అంచులు వెతుకుతాను.