తెర నల్లగా ఉంటే: మానిటర్ మార్చాలా, సీరియల్ వైరు పెట్టాలా?

రాస్ప్‌బెర్రీ పై 4 (చిన్న కంప్యూటర్) బోర్డుకు కరెంటు ఇచ్చినా తెర వెలగకపోతే ముందు ఆకుపచ్చ లైటు చూడండి. 7 సార్లు మెరిసి ఆగుతూ ఉంటే కెర్నల్ ఫైలు (ఆపరేటింగ్ సిస్టమ్ అసలు భాగం) దొరకలేదని అర్థం. మెమరీ కార్డు మళ్లీ రాసుకోవాల్సిందే, కేబుళ్లు మార్చి లాభం లేదు.

మానిటర్ దారి సులువే. కేబుల్‌ని పవర్ పోర్టు పక్కనున్న హెచ్‌డీఎంఐ 0లోనే పెట్టి, మానిటర్ వేశాకే బోర్డు ఆన్ చేయండి. అప్పటికీ రాకపోతే కార్డులోని కమాండ్‌లైన్ ఫైల్లో (cmdline.txt) రిజల్యూషన్ రాయొచ్చు. అంతా ఒకే వరుసలో ఉండాలి, మధ్యలో ఎంటర్ కొడితే తర్వాతిది పట్టించుకోదు. కానీ బోర్డు బూటవుతూ డిస్‌ప్లే డ్రైవర్ (తెరను నడిపే సాఫ్ట్‌వేర్) దగ్గరే ఆగిపోతే ఈ దారిలో ఏమీ కనబడదు.

అందుకే మా ఓటు సీరియల్‌కే: బోర్డు పంపే బూట్ సందేశాలు వైరు ద్వారా వేరే కంప్యూటర్‌లోని టెర్మినల్ ప్రోగ్రాంలో కనబడతాయి. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో యూఎస్‌బీ-టీటీఎల్ మాడ్యూలు (బోర్డు పిన్నులను ఆ కంప్యూటర్ యూఎస్‌బీకి కలిపేది), 3 జంపర్ వైర్లు తెచ్చుకోండి. కార్డులోని కాన్ఫిగ్ ఫైల్లో (config.txt) యూఆర్ట్ (సీరియల్ పోర్టు) ఎనేబుల్ విలువ 1 పెట్టండి (enable_uart=1). మాడ్యూల్ గ్రౌండ్ బోర్డు 6వ పిన్నుకి, ఆర్‌ఎక్స్ (అందుకునేది) 8కి, టీఎక్స్ (పంపేది) 10కి. టెర్మినల్ ప్రోగ్రాంలో వేగం 115200. మాడ్యూల్ జంపర్ 3.3 వోల్టుల మీదే ఉండాలి. 5 వోల్టులు తగిలితే పిన్ను కాలిపోతుంది. పవర్ వైరు అసలు కలపొద్దు. పిచ్చి అక్షరాలొస్తే వేగం తప్పు, ఏమీ రాకపోతే 8, 10 వైర్లు తారుమారయ్యాయేమో చూడండి.