వాల్సర్ కొండపల్లెలో మేక చీజ్ తినాలంటే ఏది మేలు: బోస్కో గురినా, యూఫా, అలాన్యానా?

స్విట్జర్లాండ్ చూడబోయే తెలుగువారి పర్యటన సాధారణంగా జ్యూరిక్, లుసర్న్, ఇంటర్‌లాకెన్, యుంగ్‌ఫ్రావ్ అనే ఒకే బాటలో సాగి ముగుస్తుంది. ఆ బాటలో ఒకటి రెండు రోజులు తగ్గించుకుని వాల్సర్ జనం కట్టుకున్న పాత కొండపల్లె చూసి, అక్కడి మేకపాల చీజ్ రుచి చూద్దామనుకునేవారికి ఏ పల్లె మేలన్నదే ఇక్కడి ప్రశ్న. పోలికకు స్విట్జర్లాండ్‌లోని బోస్కో గురిన్, యూఫ్ పల్లెలనూ, సరిహద్దుకు ఆవల ఇటలీలో ఉన్న అలాన్యానూ తీసుకున్నాను. కొండలకూ కొయ్య ఇళ్లకూ మూడు చోట్లా కొదవ లేదు. మేకపాల విషయంలో మాత్రం మూడూ సమానం కావు.

ముందుగా మాట గురించి ఒక మాట. చీజ్‌ను మన పత్రికలు కొన్నిసార్లు జున్ను అని రాస్తుంటాయి. మనకు జున్నంటే ఈనిన గేదె తొలిపాలతో బెల్లం, మిరియాలు వేసి వండుకునే తీపి వంటకం. రెంటికీ పోలిక అంతంతమాత్రమే కనుక చీజ్ అనే రాస్తున్నాను.

వాల్సర్లు నైరుతి స్విట్జర్లాండ్‌లోని ఎగువ వాలే ప్రాంతం నుంచి వలస వెళ్లిన జర్మన్ మాండలికం మాట్లాడే రైతులు; వాలే పేరే వారి పేరయింది. 12, 13 శతాబ్దాల నుంచి వారు పశువులను తోలుకుంటూ కనుమలు దాటి, అప్పటికే మనుషులున్న లోయల అడుగును వదిలి, ఎవరికీ పనికిరాదనుకున్న ఎత్తు నేలల్లో కాపురాలు పెట్టారు. ఆ నేలను సాగులోకి తెచ్చి, అవసరమైనప్పుడు ప్రభువు పక్షాన ఆయుధం పట్టడానికి ఒప్పుకున్నందుకు, చాలాచోట్ల వారికి వ్యక్తి స్వేచ్ఛతో పాటు తరతరాలకు చెల్లే కౌలు హక్కు దక్కింది. అందువల్లనే నేటికీ వారి ఊళ్లు రోడ్డు ఇక ముందుకు వెళ్లని చోట్ల కనబడతాయి.

బోస్కో గురిన్ అటువంటిదే. ఇటాలియన్ మాట్లాడే టిచీనో రాష్ట్రంలో జర్మన్ మాండలికం నిలిచిన ఏకైక గ్రామం ఇది. ఇక్కడి పూర్వులు పొరుగున ఉన్న ఫొర్మాజ్జా లోయ నుంచి కనుమ దాటి వచ్చారు. గుడిని ప్రతిష్ఠించినది 1253లో. సుమారు 1,500 మీటర్ల ఎత్తున ఉన్న ఈ ఊరిలో ఇప్పుడు ఏడాది పొడవునా ఉండేవారు అటూ ఇటుగా యాభై మంది. 1695లోనూ 1749లోనూ మంచు చరియలు విరుచుకుపడి ప్రాణాలు తీసినా ఊరు మాత్రం కదలలేదు.

ఇక్కడ తీరిక చేసుకుని చూడవలసినవి రెండున్నాయి. మొదటిది ధాన్యపు కొట్లు. రాతి పునాది మీద పొట్టి కొయ్య కాళ్లు నిలిపి, ఒక్కొక్క కాలి నెత్తిన తిరగలి రాయంత వెడల్పు గుండ్రటి పలక పెట్టి, ఆ పలకల మీద దుంగల గదిని ఎత్తారు. కాలు పట్టుకుని పైకి పాకిన ఎలుకకు పలక అడుగున తలకిందులుగా నడిచే విద్య రాదు కనుక గింజలు భద్రం. మన గాదెలూ పురులూ ఎరిగినవారికి ఆ పలకను చూడగానే విషయం అర్థమవుతుంది. రెండవది, 1938లో ప్రారంభమైన వాల్సర్ ఇంటి మ్యూజియంలోని చిన్న గవాక్షం. ఇంట్లో ఎవరైనా కన్నుమూసినప్పుడు ఆత్మ బయటికి పోవడానికి దానిని తెరిచేవారట. మిగిలిన రోజుల్లో అది మూసే ఉండేది. చలికి బెదిరి కిటికీలన్నీ చిన్నవిగా కట్టుకున్న ఇంట్లో, ప్రాణానికంటూ వేరే ఒక దారి ఉంచడం నాకు వింతగానూ ముచ్చటగానూ అనిపిస్తుంది.

చీజ్ విషయంలోనూ ఈ పల్లెకు కలిసివచ్చినది చుట్టూ ఉన్న లోయే. టిచీనో కొండల్లో మేకల పెంపకం పాతది; బోస్కో గురిన్‌కు దారి తీసే వల్లెమాజ్జాలో మేకపాల చీజ్ రోజువారీ తిండి. అక్కడి తాజా చీజ్‌ను బ్యూషోన్ అంటారు. స్థానిక మాండలికంలో ఆ మాటకు సీసా బిరడా అని అర్థం. బొటనవేలంత పొడుగున బిరడా ఆకారంలోనే ఉంటుంది. పాలను విరగ్గొట్టే రెన్నెట్ అనే పదార్థాన్ని అతి కొద్దిగా వేసి నెమ్మదిగా పులియనిచ్చి, నీరు ఓడ్చి, చేత్తో చుడతారు. కోసినప్పుడు లోపల సున్నమంత తెలుపు: మేక తన మేతలోని పసుపు వర్ణకాన్ని విటమిన్ ఎ గా మార్చుకుంటుంది కనుక ఆవుపాలలోని లేత పసుపు ఇందులో కనబడదు. నోట్లో వేసుకుంటే, పలుచటి గుడ్డలో కట్టి రాత్రంతా వేలాడదీసిన గడ్డపెరుగు గుర్తుకు వస్తుంది. నిమ్మ పులుపు వంటి ఒక చురుకు ముందుగా తగిలి, మేక వాసన చివరలో లీలగా తెలుస్తుంది. మేకపాలంటే ముఖం తిప్పుకునేవారు మొదలుపెట్టవలసినది దీనితోనే.

దీని మీద ఆలివ్ నూనె చుక్కలు వేసి మిరియాలు చల్లుకుని తింటారు. ఆ మిరియాలు కూడా వల్లెమాజ్జా పేరు మోసేవే: దంచిన మిరియాలను మసాలా దినుసులతో కలిపి, వైన్, గ్రాప్పా సారాతో తడిపి తయారుచేస్తారు. మద్యం ముట్టనివారు మామూలు మిరియాలు అడగాలి. ఈ చిన్న సంగతి బల్ల దగ్గర ఎవరూ పనిగట్టుకుని చెప్పరు.

ఇదే రాష్ట్రపు ఆల్ప్ చీజ్ మరొకటి ఉంది. వేసవిలో పశువులు ఎత్తు మేతభూముల్లో ఉన్నప్పుడు అక్కడికక్కడే పచ్చిపాలతో చేసే ఈ గట్టి చీజ్‌లో ఆవుపాలే ప్రధానం. మేకపాలు 30 శాతం వరకు కలపవచ్చు. నెలల తరబడి మగ్గిన తరువాత మేక వాసన చీజ్‌కు వెన్నుదన్నుగా నిలుస్తుందే తప్ప మీదికి రాదు. తాజాదీ ముదిరినదీ పక్కపక్కన పెట్టి తింటే నా ఓటు తాజాదానికే. ముదురు చీజ్‌ను ఏ పట్నపు దుకాణంలోనైనా కొనుక్కోవచ్చు. బ్యూషోన్ మాత్రం దాని లోయలో, చేసిన వారంలోనే తినవలసిన సరుకు.

యూఫ్‌ది వేరే లెక్క. గ్రౌబ్యుండెన్ రాష్ట్రపు ఆవెర్స్ లోయ చివర, 2,126 మీటర్ల ఎత్తున, ఏడాదంతా మనుషులు నివసించే గ్రామాల్లో యూరప్‌లోకెల్లా ఎత్తయినదిగా దీనికి పేరు. ముప్ఫై మంది జనం, చెట్టన్నది లేని గడ్డి వాలు, ఆపైన రాళ్లు. వంటచెరకు దొరకని ఆ ఎత్తులో వెనుకటి రోజుల్లో గొర్రెల పేడను దిమ్మలుగా కోసి, ఎండబెట్టి, పొయ్యిలో వాడుకునేవారు. పిడకల గోడలు చూసి పెరిగిన మనకు ఇది వివరించనవసరం లేని సంగతి. పాశ్చాత్య యాత్రికులు మాత్రం నేటికీ ఆశ్చర్యపోతూ చెప్పుకుంటారు. నిశ్శబ్దం కోసం, ఆకాశం కోసం, వాల్సర్లు ఎంత ఎత్తుకు ఎక్కి నిలబడగలిగారో కళ్లారా చూడటానికి యూఫ్‌ను మించినది లేదు. అయితే గ్రౌబ్యుండెన్ ఆల్ప్ చీజ్‌లో రాజ్యం ఆవుపాలది. ఏ రైతు ఇంటి ముందైనా డబ్బుల డబ్బాతో చిన్న ఫ్రిజ్ కనబడితే లోపలికి తొంగి చూడండి. మేక చీజ్ ఉంటే అదృష్టమనుకోండి. అది ఉంటుందనే ఆశతో మాత్రం అంత దూరం వెళ్లవద్దని నా సలహా.

మోంటే రోసా దక్షిణపు ఒడిలో ఉన్న అలాన్యా ఇళ్ల అందంలో మూడింటికీ పెద్ద. రాతి అడుగు అంతస్తు మీద కొయ్య అంతస్తులు, వాటి చుట్టూ ఎండుగడ్డీ రై అనే ధాన్యపు వెన్నులూ ఆరబెట్టుకునే వరండాలు. పెదెమోంతే పేటలోని 1628 నాటి ఇల్లు ఇప్పుడు మ్యూజియం. మిలాన్‌లో దిగేవారికి ఇదే దగ్గర. బల్ల మీదికి వచ్చేది మాత్రం ఎక్కువగా తోమా అనే ఆవుపాల చీజ్.

శాకాహారులకు మూడు చోట్లా ఒకే చిక్కు. సంప్రదాయ చీజ్‌లో పాలు విరగడానికి వాడే రెన్నెట్ సాధారణంగా దూడ కడుపు నుంచి తీసినదే. బ్యూషోన్‌లో అది తక్కువే కానీ లేదని చెప్పలేము. ఇటాలియన్ మాట్లాడేచోట కాల్యో అనీ, జర్మన్ మాట్లాడేచోట లాబ్ అనీ పేరు చెప్పి, ఏ రకమో అడిగి తెలుసుకోవాలి. ఉడుపి హోటల్‌లో పులుసులో ఏముందని అడిగినంత మామూలుగా అడగవచ్చు. చీజ్ చేసేవారు నొచ్చుకోరు.

కనుక మేక చీజ్ ముఖ్యమైతే బోస్కో గురిన్, ఎత్తూ ఏకాంతమూ ముఖ్యమైతే యూఫ్, పాత ఇళ్లు ముఖ్యమై మిలాన్ మీదుగా వస్తుంటే అలాన్యా. ఒక్కటే చూడగలిగిన నాబోటివారికి బోస్కో గురిన్ అనే అంటాను, ఎందుకంటే పల్లె కథా పళ్లెంలోని చీజూ ఒకే లోయకు చెందినవి అక్కడే. జ్యూరిక్ నుంచి రైలులో లొకార్నో, అక్కడి నుంచి బస్సులో చెవియో, అక్కడ బస్సు మారి పైకి వెళ్లాలి. తిరుగు బస్సు వేళలు ముందే రాసుకోవాలి. మేకలు చలికాలం చివర ఈని వసంతం నుంచి శరదృతువు దాకా పాలిస్తాయి కనుక జూన్, సెప్టెంబరు నెలల మధ్య వెళితే మేలు. క్రిస్మస్ సెలవుల్లో వెళ్లేవారికి మంచు దండిగా దొరుకుతుంది. బ్యూషోన్ దొరకడం కష్టం.