యాదగిరి, సైదులు, రేయాన్ష్: తమ్ముడి కొడుక్కి ఏ పేరు మేలు?

మా తమ్ముడికి కొడుకు పుట్టాడు. వచ్చే వారం తొట్టెల. ఇంట్లో మూడు పేర్లు నడుస్తున్నాయి. నాయన తన తండ్రి పేరు యాదగిరి పెట్టాలంటున్నాడు. అమ్మ సైదులు అంటోంది. మరదలు ఫోన్‌లో వెతికి రేయాన్ష్ అని రాసి పెట్టుకుంది. "అన్నా, నువ్వే తేల్చు" అని తమ్ముడు నా మీద పెట్టాడు. రెండు రోజులుగా ఇదే ఆలోచన.

పిల్లవాడిది స్వాతి నక్షత్రం. నర్సింహస్వామిదీ అదే, అందుకే యాదగిరిగుట్టలో స్వాతి రోజు గిరిప్రదక్షిణ చేస్తారు. ఇంకేం కావాలి అంటాడు నాయన. యాద మహర్షి తపస్సు చేసిన కొండ కాబట్టి యాదగిరి. తాత కాలంలో పిల్లలు దక్కక గుట్టకు మొక్కిన ప్రతి ఇంట్లో ఒక యాదయ్యో యాదమ్మో ఉండేవారు. మా వాడకట్టులోనే ముగ్గురు యాదగిరులు. బర్లు కాసేవాడు బర్ల యాదగిరి, మా తాత పొడుగు యాదగిరి. తెలంగాణ సాయుధ పోరాటంలో పాటలు కట్టిన బండి యాదగిరిదీ ఈ నేలే. మా తరానికి వచ్చేసరికి బడి రిజిస్టర్ల నిండా శ్రీనివాస్‌లు, రమేష్‌లు. నాది శ్రీనివాసే. నాకు తాత పేరు పెట్టలేదన్న బాధ నాయనకు ఇప్పటికీ ఉంది. 2022లో గుడి కొత్తగా తెరిచాక గుట్టకు జనం బాగా పెరిగారు. ఆ పేరు పెట్టుకున్న చిన్నపిల్లవాడు మాత్రం మా ఊళ్లో ఒక్కడూ లేడు. తాత పేరు రేషన్ కార్డులో యాదయ్య, పాస్‌బుక్‌లో యాదగిరి. ఇద్దరూ ఒకరేనని రుజువు చేయడానికి నేనే మూడుసార్లు తిరిగాను. ఏ పేరు పెట్టినా అన్నిచోట్లా ఒకేలా రాయించాలి.

రేయాన్ష్ సంగతి త్వరగా తేలుతుంది. స్వాతికి రూ, రే, రో, తా అక్షరాలు. అందులో రే తీసుకుంది మరదలు. సూర్యుడి తొలికిరణం అని అర్థం రాసి ఉందట. అంశ అనే మాట మనకు తెలిసిందే, కానీ రేయి అంటే తెలుగులో రాత్రి. అమ్మకు ఆ పేరు నోరు తిరగడం లేదు. 'రియాసు' అంటోంది. నాయనమ్మ పిలవలేని పేరు నాకు ఇష్టం లేదు. అయితే మరదలి టెన్షన్ నాకు అర్థమవుతుంది. బళ్లో పాత పేరు విని పిల్లలు నవ్వుతారని ఆమె భయం. అది ఉత్త భయం కాదు.

ఇక సైదులు. సూర్యాపేట జిల్లా పాలకీడు మండలంలోని జాన్‌పహాడ్ దర్గాను మా దిక్కు అందరూ 'జాన్‌పహాడ్ సైదులు' అనే అంటారు. సయ్యద్‌కు మన 'లు' చేరి దేవుడి పేరులా నిలిచిపోయింది. జనవరిలో ఉర్సు, అంటే దర్గా జాతర. గంధం ఊరేగింపుకు హిందువులు, ముస్లింలు కలిసే వెళ్తారు, మొక్కు విందు కందూరు చేస్తారు. మొక్కు ఫలించినవాళ్లు పిల్లలకు ఆ పేరే పెట్టుకుంటారు. కులం అడ్డు రాదు. సైదమ్మలు ఉన్నారు, సైదిరెడ్డిలు ఉన్నారు. 2019లో హుజూర్‌నగర్ ఉపఎన్నికలో గెలిచింది శానంపూడి సైదిరెడ్డే. పాలమూరులో కురుమూర్తి స్వామి పేరున కుర్మయ్యలు, సూర్యాపేట దగ్గర పెద్దగట్టు లింగమంతుల స్వామి పేరున లింగయ్యలు ఉన్నట్టే ఇదీ. కాకపోతే వేరే మతం వలిని, అంటే పుణ్యపురుషుణ్ని, సొంత దేవుడిలా పిలుచుకున్న పేరు కాబట్టి నాకు ఇంకా ఎక్కువ ఇష్టం.

మరదలికి రెండుసార్లు కడుపు నిలవలేదు. పోయిన ఏడు ఉర్సులో అమ్మ చక్కెర పంచి, కొంగు చాచి మొక్కింది. "బిడ్డా, ఇచ్చినోని పేరు పెట్టకపోతే ఎట్ల?" అంటోంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

హైదరాబాద్ వస్తే "మీరు ముస్లింలా?" అని అడుగుతారు, నిజమే. చెప్పుకోవడానికి వాడికి ఒక కథ ఉంటుంది. యాదగిరి పేరు గుట్ట ఉన్నంతకాలం ఉంటుంది. సైదులు మాత్రం మనం పెట్టుకుంటేనే ఉంటుంది.

అందుకే నా ఓటు సైదులుకే. తాత పేరు రెండో పేరుగా కలిపి 'సైదులు యాదగిరి' అని రాయించమన్నాను, నాయనకూ తృప్తి. మరదలు ఇంకా ఒప్పుకోలేదు. ఆమెను తొందరపెట్టొద్దని తమ్ముడికి గట్టిగా చెప్పాను. పుట్టుక 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే చాలు, పేరు ఏడాదిలోపు రుసుము లేకుండా రాయించుకోవచ్చు. నిన్న వీడియో కాల్‌లో చూశాను. పిల్లవాడు ఏడుస్తుంటే ఆమె ఒళ్లో ఊపుతూ "ఊరుకో సైదా" అంది. అనేసి నా వైపు చూసింది.