గణాంకశాస్త్ర పుస్తకం నలుగురూ కలిసి రాయాలంటే ఏ సాధనం? చాలాకాలం వాడాక నా సమీక్ష

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెప్పే మేం కొందరం కలిసి తెలుగులో పాఠ్యపుస్తకం రాస్తున్నాం. వర్డ్, గూగుల్ డాక్స్, ఓవర్‌లీఫ్ (బ్రౌజర్‌లో లాటెక్ పద్ధతిలో పుస్తకం కూర్చే సైట్) అన్నీ వాడాం. ఇప్పుడు పుస్తకం క్వార్టోలో (పాఠం, లెక్కలు కలిపి రాస్తే పుస్తకంగా తయారుచేసే సాఫ్ట్‌వేర్) ఉంది, అక్కడే ఉండాలని నా గట్టి అభిప్రాయం.

కారణం లెక్కలే. మా పుస్తకంలో పౌనఃపున్య విభాజనానికి (ఏ తరగతిలో ఎన్ని విలువలు పడ్డాయో చూపే పట్టిక) ఉదాహరణ పలాస జీడిపప్పు. డబ్ల్యు 320 అంటే పౌనుకు 300 నుంచి 320 పప్పులు తూగే రకం, డబ్ల్యు 240 అంటే 220 నుంచి 240. ఉద్దానం పిల్లలకు ఈ గ్రేడులు ఇంట్లో వినే మాటలే కాబట్టి తరగతి అంతరం అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. అయితే ఆ దత్తాంశంలో (డేటాలో) ఒక్క అంకె సవరిస్తే సగటు, ప్రామాణిక విచలనం, పట్టిక, సోపాన చిత్రం, చివర ఇచ్చిన జవాబులు అన్నీ మారాలి. వర్డ్‌లో అయితే ఒక్కోదాన్నీ వెతికి దిద్దాలి. క్వార్టోలో దత్తాంశం విడి ఫైల్లో ఉంటుంది. వాక్యంలో అంకె ఉండాల్సిన చోట ఆర్ అనే గణాంకాల ప్రోగ్రామింగ్ భాషలో చిన్న ఆజ్ఞ రాస్తాం. పుస్తకం మళ్ళీ తయారుచేసినప్పుడు లెక్క కొత్తగా జరిగి సరైన అంకె వచ్చి కూర్చుంటుంది. స్టాటిస్టిక్స్ పుస్తకానికి ఇంతకంటే పెద్ద సదుపాయం నాకు కనిపించలేదు.

ఓవర్‌లీఫ్‌లో సూత్రాలు చాలా అందంగా వస్తాయి. తెలుగు కావాలంటే మాత్రం కంపైలర్‌ని (రాసినదాన్ని పీడీఎఫ్‌గా మార్చే ప్రోగ్రాంని) జీలాటెక్‌కి (XeLaTeX) మార్చి, ఫాంటుతో పాటు లిపి తెలుగు అని కూడా చెప్పాలి. లేకపోతే ఒత్తులు విడిపోతాయి. ఉచిత ఖాతాలో కంపైల్‌కి సమయ పరిమితి ఉంది. బొమ్మలు పెరిగేకొద్దీ అది చాలదు. పైగా బ్రౌజర్‌లో చేసే పని, నెట్ ఉండాల్సిందే. 2018లో తిత్లీ తుఫాను చూసిన మా జిల్లావాళ్ళకి గాలివాన వస్తే కరెంటు, నెట్ ఏమవుతాయో తెలుసు. క్వార్టో, గిట్ (ఎవరు ఏం మార్చారో గుర్తుపెట్టుకుని అందరి మార్పుల్నీ కలిపే సాధనం) రెండూ మన కంప్యూటర్‌లోనే నడుస్తాయి. నెట్ వచ్చాక మార్పులు పంపుకోవచ్చు.

గూగుల్ డాక్స్‌ని పూర్తిగా వదల్లేదు. మా బృందంలో రిటైరైన మాస్టారు ఒకరున్నారు. భాష ఎక్కడ బరువైందో, పిల్లాడు ఎక్కడ ఆగిపోతాడో ఆయన చెప్పినట్టు ఇంకెవరూ చెప్పలేరు. ఆయన్ని గిట్ నేర్చుకోమనడం న్యాయం కాదు. అధ్యాయం డాక్స్‌లో పెట్టి సూచనల పద్ధతి ఆన్ చేసి ఇస్తే ఫోన్‌లోనే దిద్దుతారు, పాత మాట, కొత్త మాట రెండూ కనబడతాయి. ఆయన మార్పుల్ని మాలో ఒకరు క్వార్టోలోకి ఎక్కిస్తారు. సమీకరణాలకి వాటంతట అవే నంబర్లు పడవు కాబట్టి అసలు పుస్తకం డాక్స్‌లో ఉంచలేం. సాంకేతిక పదాల జాబితా మాత్రం అందరం చూసేలా గూగుల్ షీట్‌లో ఉంది.

క్వార్టోతో కష్టాలూ ఉన్నాయి. గిట్ మార్పుల్ని వరుసల వారీగా పోలుస్తుంది. పేరా మొత్తం ఒకే వరుసగా రాస్తే, ఇద్దరు అందులో చెరో మాట మార్చినా గిట్ వాటిని తనంతట కలపలేదు, గొడవే. అందుకే ఒక్కో వాక్యం ఒక్కో వరుసలో రాయాలని నియమం పెట్టుకున్నాం. అచ్చులో అది మామూలు పేరాగానే వస్తుంది. ఈ చిన్న నియమంతో మా టెన్షన్ సగం తగ్గింది. రెండో ఇబ్బంది గ్రాఫుల మీద తెలుగు. ఆర్‌లో బొమ్మని పీడీఎఫ్‌గా రాసే మామూలు పరికరంతో అక్షరాలు చెడిపోతాయి. ఆర్‌కి అదనంగా చేర్చుకునే రాగ్ (ragg) ప్యాకేజీతో బొమ్మలు చేస్తే గుణింతాలు, ఒత్తులు సరిగ్గా వచ్చాయి. ఆర్ పెట్టుకోని సహరచయితల కోసం క్వార్టోలో ఫ్రీజ్ అనే అమరిక ఉంది. ఒకరు లెక్కలు నడిపి ఫలితాలు భద్రపరిస్తే, మిగతావాళ్ళు తిరిగి నడపకుండానే పుస్తకం తయారుచేసుకోవచ్చు.

ప్రెస్సు వాళ్ళు చాలాచోట్ల అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో మళ్ళీ టైపు చేయిస్తామంటారు. ఒప్పుకోవద్దు. అను యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షర సంకేతాలు) కాదు, తర్వాతి ముద్రణకి ఆ పాఠ్యం మనకి పనికిరాదు, సూత్రాల్లో కొత్త తప్పులు దొర్లుతాయి. ఫాంట్లు పొదిగిన పీడీఎఫ్ ఇచ్చి అదే అచ్చు వేయమనండి.

ఇద్దరు కలిసి నలభై పేజీల నోట్సు రాసుకోవడానికైతే డాక్స్ చాలు, ఇంత తతంగం అక్కర్లేదు. ఏటేటా కొత్త దత్తాంశంతో సవరించాల్సిన పుస్తకమైతే మొదటి అధ్యాయం నుంచే క్వార్టోలో రాయండి. క్వార్టో, ఆర్, గిట్ మూడూ ఉచితమే.