రాయగడ నుంచి అమెరికా డీఎస్‌డబ్ల్యూ: పూర్తిచేశాక రాస్తున్న సమీక్ష

ముందే చెప్పేస్తే మంచిది. కాలేజీలో ఉద్యోగం కోసమో, పేరు ముందు డాక్టర్ అని చేరితే ప్రమోషన్ వస్తుందనో ఆన్‌లైన్ డాక్టరేట్ వెతుకుతున్నవాళ్లకు నేను ఆన్‌లైన్‌లో చేసిన డీఎస్‌డబ్ల్యూ, అంటే డాక్టర్ ఆఫ్ సోషల్ వర్క్, పనికొచ్చే చదువు కాదు. యూజీసీ 2022 నవంబరులో తెచ్చిన పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం మన దేశంలో ఏ యూనివర్సిటీ కూడా దూరవిద్యలోగానీ ఆన్‌లైన్‌లోగానీ పీహెచ్‌డీ నడపకూడదు. అంతకు ముందు నెలలోనే, విదేశీ సంస్థలతో కలిసి ఎడ్‌టెక్ కంపెనీలు అమ్ముతున్న ఆన్‌లైన్ పీహెచ్‌డీలకు గుర్తింపు లేదని యూజీసీ, సాంకేతిక విద్యను చూసే ఏఐసీటీఈ కలిసి ప్రకటించాయి. అయినా నాకు ఇప్పటికీ ఫోన్లు వస్తూనే ఉంటాయి. "ఏడాదిన్నరలో డాక్టరేట్ మేడమ్, థీసిస్ సంగతి కూడా మేమే చూసుకుంటాం" అంటారు. థీసిస్ సంగతి వాళ్లే చూసుకుంటే ఇక నేను చేసేదేమిటో అడిగితే ఫోన్ పెట్టేస్తారు.

నేను చేసింది పీహెచ్‌డీ కాదు, డీఎస్‌డబ్ల్యూ. ఈ తేడా తెలియక డబ్బు పోగొట్టుకునేవాళ్లు ఉన్నారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ఒకప్పుడు అమెరికాలో డీఎస్‌డబ్ల్యూ కూడా పరిశోధన డిగ్రీయే. తర్వాత చాలా యూనివర్సిటీలు దాన్ని పీహెచ్‌డీగా మార్చేసుకున్నాయి. 2007లో పెన్సిల్వేనియా యూనివర్సిటీ దాన్ని వృత్తిలో ఉన్నవాళ్ల డాక్టరేట్‌గా మళ్లీ మొదలుపెట్టింది. ఆ తర్వాత ఒక్కొక్కటిగా మిగతావి వచ్చాయి, వాటిలో చాలా వరకు ఆన్‌లైన్‌లోనే నడుస్తున్నాయి. ఎమ్మెస్‌డబ్ల్యూ, అంటే సోషల్ వర్క్‌లో పీజీ చేసి, కొన్నేళ్లు ఫీల్డులో పనిచేసి ఉండాలి. చివర థీసిస్ బదులు క్యాప్‌స్టోన్ అని ఒక ప్రాజెక్టు ఉంటుంది. మీరు పనిచేసే చోట ఉన్న ఒక సమస్యను పట్టుకుని, దానికి ఒక మార్గం తయారుచేసి, అమలుచేసి, పనిచేసిందో లేదో చూపించాలి. కొత్త సిద్ధాంతం ఏమీ అడగరు.

నేను ఒడిశాలోని రాయగడలో ఒక స్వచ్ఛంద సంస్థలో పనిచేస్తాను. ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా, ఊళ్లకు వెళ్తే కొంత కువి, అంటే అక్కడి కోందుల భాష. ఎమ్మెస్‌డబ్ల్యూ ఆంధ్రలో చేశాను. మా సంస్థకు నిధులిచ్చే అమెరికా ట్రస్టు ఒకటి సగం ఫీజు భరిస్తానంది. బదులుగా చదువయ్యాక కొన్నేళ్లు ఇక్కడే పనిచేయాలి. ఎలాగూ ఎక్కడికీ వెళ్లేదాన్ని కాదు కాబట్టి సంతకం పెట్టేశాను. ఈ సాయం లేకపోతే నేను ఆ వైపు చూసేదాన్ని కూడా కాదు. క్రెడిట్‌కు వెయ్యి డాలర్ల చొప్పున నలభై క్రెడిట్లు అనుకోండి, 40,000 డాలర్లు. మన డబ్బులో ముప్పై లక్షలు దాటిపోతుంది. సోషల్ వర్కర్ జీతంతో అంత అప్పు తీర్చడం ఎలాగో నాకైతే తెలియదు.

చేరడానికి ముందు పెద్ద తలనొప్పి మన ఎమ్మెస్‌డబ్ల్యూకు వాళ్ల లెక్కలో విలువ కట్టించుకోవడం. అమెరికాలో సోషల్ వర్క్ కోర్సులకు గుర్తింపునిచ్చే సీఎస్‌డబ్ల్యూఈ అనే కౌన్సిల్‌లో దానికోసం ఒక విభాగం ఉంది. వాళ్లకు మార్కుల కన్నా ఫీల్డ్‌వర్క్ ముఖ్యం. ఎన్ని గంటలు చేశావు, ఎక్కడ చేశావు, పైన చూసినవాళ్ల అర్హత ఏమిటి అని అడుగుతారు. నేను చదివిన కాలేజీలో ఆ రికార్డు తీసిచ్చే నాథుడు లేడు. ఒక గుమాస్తా, "ఫీల్డ్‌వర్క్ అంటే పాస్ అని రాసుంటుందమ్మా, గంటలు ఎవరు రాస్తారు" అన్నాడు. చివరికి అప్పటి మా ఫీల్డ్ సూపర్‌వైజర్ గారు ఇంట్లో దాచిన పాత డైరీలు వెతికి లెటర్ రాసిచ్చారు. ఇప్పుడు ఎమ్మెస్‌డబ్ల్యూ చదువుతున్న పిల్లలు ఎవరైనా ఇది చూస్తుంటే, విదేశాలకు వెళ్లినా వెళ్లకపోయినా, కోర్సు అయిన వెంటనే గంటల లెక్కతో సర్టిఫికెట్ ఒకటి తీసిపెట్టుకోండి.

మిగతా ఫీజుకు బ్యాంకు లోను ప్రయత్నించాను. మేనేజర్ గారు ఐ-20 తెమ్మన్నారు. ఐ-20 అనేది వీసా మీద అక్కడికి వెళ్లి చదివేవాళ్లకు ఇచ్చే కాగితం. ఇంట్లో కూర్చుని చదివేవాళ్లకు అది ఉండదు. ఎన్నిసార్లు చెప్పినా ఆయన ఫారంలో ఆ గడి ఖాళీగా ఉండకూడదు, అంతే. లోను రాలేదు, బంగారం మీద తెచ్చుకున్నాం. బయటికి డబ్బు పంపడానికి రిజర్వు బ్యాంకు ఎల్ఆర్ఎస్ అనే పథకం కింద పెట్టిన పరిమితి ఏడాదికి 2,50,000 డాలర్లు కాబట్టి మనలాంటివాళ్లకు ఆ ఇబ్బంది లేదు. ఒక హద్దు దాటితే టీసీఎస్ అని కొంత పన్ను ముందే పట్టుకుంటారు, దాన్ని రిటర్న్ వేసి రాబట్టుకోవచ్చు.

క్లాసులు వాళ్ల సాయంత్రం ఏడింటికి. మనకు తెల్లవారుజామున నాలుగున్నర. నవంబరులో వాళ్లు గడియారం వెనక్కి తిప్పుకోగానే అయిదున్నర అవుతుంది. ఆ ఒక్క గంట నిద్ర కోసం నవంబరు ఎప్పుడొస్తుందా అని చూసేదాన్ని. వాళ్ల మొదటి సెమిస్టర్ ఆగస్టు చివర మొదలై డిసెంబరు దాకా ఉంటుంది. సరిగ్గా మనకు అల్పపీడనాలూ తుఫాన్లూ వచ్చే కాలం. కరెంటు పోతే ఇన్వర్టర్, ఇన్వర్టర్ అయిపోతే మొబైల్ హాట్‌స్పాట్, టవర్ కూడా పడుకుంటే ప్రొఫెసర్‌కు మర్నాడు మెయిల్. ఈ విషయంలో వాళ్లు మంచివాళ్లే అనాలి. రికార్డింగ్ చూసి ఒక పేజీ రాసిస్తే హాజరు వేసేవారు.

లైవ్ క్లాసు వారానికి కొద్ది గంటలే. అసలు పనంతా డిస్కషన్ బోర్డులో. బుధవారంలోగా నీ పోస్టు, ఆదివారంలోగా ఇద్దరికి జవాబు, ప్రతిదానికీ ఏపీఏ అనే రచనా శైలి పుస్తకం ఏడో ఎడిషన్ పద్ధతిలో రిఫరెన్సులు. మొదటి ఏడాది ఇది శుద్ధ దండగ అనిపించింది, ఇప్పటికీ సగం అలాగే అనిపిస్తుంది. "మీ పోస్టు నాకు చాలా నచ్చింది" అని మొదలయ్యే జవాబులు ఎన్ని చదివానో. సిలబస్‌లో పాలసీ పేపరైతే పూర్తిగా అమెరికాదే. మెడికెయిడ్, అంటే అక్కడ పేదలకు ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా, ఏ రాష్ట్రంలో ఎలా ఉందో కూర్చుని నేర్చుకున్నాను. రాయగడ బ్లాకు ఆఫీసులో దానితో నాకేం పని?

క్లాస్‌మేట్లు మాత్రం గొప్పవాళ్లు. మాజీ సైనికుల ఆసుపత్రిలో పనిచేసేవాళ్లు, స్కూల్ సోషల్ వర్కర్లు, చివరి దశ రోగులను చూసుకునే హాస్పిస్‌లో ఉన్నవాళ్లు. ఎథిక్స్ క్లాసులో వాళ్లతో జరిగిన గొడవ చెప్పాలి. అక్కడి సోషల్ వర్కర్ల సంఘం నియమావళిలో, సాయం పొందేవాళ్లతో, వాళ్లకు హాని కలిగే అవకాశం ఉన్న వేరే సంబంధాలు పెట్టుకోకూడదని ఉంటుంది. నా దగ్గరికొచ్చే ఆమె మా వీధి చివర కూరగాయలమ్ముతుంది, ఆమె కూతురు మా అబ్బాయి క్లాసు, వాళ్ల ఆయన మా ఇంటి పంపు బాగుచేస్తాడు, ఇందులో ఏది మానుకోవాలి అని అడిగాను. క్లాసంతా ఒక నిమిషం ఏం మాట్లాడలేదు. మోంటానాలో చిన్న ఊళ్లో పనిచేసే ఆవిడ ఒకామె, "మా ఊళ్లోనూ ఇంతే, నియమంలో తర్వాతి వాక్యం చదవండి" అంది. తప్పనిసరైతే హద్దులు స్పష్టంగా గీసుకోవాలని ఉంది అక్కడ. ఆ రోజు నుంచి నా దగ్గరికొచ్చే ప్రతి మనిషితో మొదటే చెప్పడం మొదలుపెట్టాను: ఇక్కడ చెప్పింది బజారులో కలిసినప్పుడు నేను ఎత్తను, నువ్వు ఎత్తితేనే మాట్లాడతాను అని. పని కొంచెం తేలికైంది.

ఇక క్యాప్‌స్టోన్. ఇచ్చిన డబ్బుకు విలువ దక్కింది ఇక్కడే. నా మొదటి ప్రతిపాదన ఆంధ్ర-ఒడిశా సరిహద్దు ప్రాంత మహిళల సాధికారత మీద. గైడ్ మేడమ్ మార్జిన్‌లో ఒకే ప్రశ్న రాసి తిప్పి పంపారు: ఏ మహిళ, ఏ ఆఫీసు ముందు, ఏ కాగితం లేక నిలబడింది? నాకు కోపమొచ్చింది, కానీ సమాధానం తెలుసు. ఆంధ్రలోని పార్వతీపురం, కొమరాడ వైపు నుంచి మా వైపుకు కోడళ్లుగా వచ్చినవాళ్లు. కన్నవారి రేషన్ కార్డులో పేరు తీయిస్తేగానీ అత్తవారి కార్డులో ఎక్కదు. ఆధార్‌లో చిరునామా ఆంధ్రదే, ఇంటిపేరు పుట్టింటిది. 2024 సెప్టెంబరులో ఒడిశా ప్రభుత్వం సుభద్ర పథకం మొదలుపెట్టింది. 21 నుంచి 60 ఏళ్ల లోపు ఆడవాళ్లకు ఏడాదికి పదివేల చొప్పున అయిదేళ్లు. అంతవరకు కాగితాల ఊసెత్తని ఇళ్లలో కూడా కోడలి ఆధార్ మీద గొడవలు మొదలయ్యాయి. రాష్ట్రం మారి వచ్చిన పిల్ల ఇక్కడి మనిషేనని చూపించే కాగితం ఒక్కటీ ఉండదు.

అంగన్‌వాడీ దగ్గర వారానికోసారి ఒక బల్ల వేశాం. బల్ల దగ్గర ఒక వలంటీరు, ఫోన్‌లో ఆంధ్ర వైపు గ్రామ సచివాలయంలో తెలిసిన మనిషి. ఏ కాగితం ముందు, ఏది తర్వాత అన్న వరుస ఒక్కటే మేం తయారుచేసింది. కన్నవారి కార్డులో పేరు తీయించాకే ఆధార్ మార్చాలా, ముందే మార్చొచ్చా? ఈ ఒక్క ప్రశ్నకు రెండు వైపులా తిరిగి తిరిగి జవాబు పట్టాం.

దీన్నంతా యూనివర్సిటీ ఎథిక్స్ బోర్డు, అంటే ఐఆర్‌బీ ఒప్పుకోవాలి. వాళ్లు రెండు పేజీల సమ్మతి పత్రం పంపి ప్రతి మనిషితో సంతకం పెట్టించమన్నారు. మొదటి రోజే ఒక పిల్ల కాగితం చూసి లేచిపోయింది. "సంతకం అంటే భయమేస్తాది అక్కా. మా అత్త ఇలాగే ఎట్టింది, వారం వారం లోనోళ్లు గుమ్మం కాడ కూకుంటన్నారు." తప్పు ఆమెది కాదు, మైక్రోఫైనాన్స్ వాళ్లు తిరిగే ఊళ్లలో సంతకం అంటే అప్పే. బోర్డుకు ఇదే రాశాను. 2019లో అమల్లోకొచ్చిన వాళ్ల సవరించిన కామన్ రూల్‌లో, అంటే మనుషులతో చేసే పరిశోధనలకు అమెరికా ప్రభుత్వం పెట్టిన నియమాల్లో, దీనికి దారి ఉంది. సంతకాలు పెట్టే ఆచారం లేని సమూహమైతే, ప్రమాదం పెద్దగా లేని పనైతే, నోటిమాట సమ్మతిని వేరే విధంగా నమోదు చేసుకుంటే చాలు. ఒప్పుకోవడానికి నెలలు పట్టింది, మధ్యలో ఇక్కడి వ్యవహారం తెలిసిన మనిషి లెటర్ ఒకటి కావాలన్నారు. చిరాకు పడ్డాను గానీ, మన దగ్గర ఇన్నేళ్లలో ఒక్క సర్వే కూడా ఇంత అడిగి చేసింది నేను చూడలేదు. ఇప్పుడు మా ఆఫీసులో ఏ ఫారమైనా ముందు చదివి వినిపించి, వద్దంటే వద్దని రాసుకుంటున్నాం.

ఇంకొకటి కూడా నాతో మిగిలింది. మా నివేదికల్లో ఎప్పుడూ ఎన్ని ఫారాలు నింపామో రాసేవాళ్లం. ఎవరి పేరు నిజంగా కార్డులో ఎక్కిందో ఎవరూ వెనక్కి వెళ్లి చూడలేదు. అలా చూడకపోతే క్యాప్‌స్టోన్ పాస్ చేయరు. చూస్తే బల్ల దగ్గరికి వచ్చినవాళ్లలో చాలామంది పని మధ్యలో ఒకే చోట ఆగిపోయింది, అవతలి వైపు పేరు తీయించే దగ్గర. దాని మీద రెండు జిల్లాల అధికారులకు ఇచ్చిన నోటు ఇంకా అక్కడే ఉంది. డిగ్రీ వచ్చింది, సమస్య అలాగే ఉంది.

మన దేశంలోనే డాక్టరేట్ కావాలంటే పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ మేలు. 2022 నిబంధనల్లో అది ఉంది, ఆఫీసు నుంచి ఎన్ఓసీ తెచ్చుకోవాలి. కోర్స్‌వర్క్ కనీసం 12 క్రెడిట్లు, మొత్తం మూడేళ్ల నుంచి ఆరేళ్లు, ఆడవాళ్లకు ఇంకో రెండేళ్లు సడలింపు ఉంటుంది. మా వైపువాళ్లకు బరంపురం, విశాఖ రెండూ అందుబాటే. అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టే లక్ష్యమైతే 2023 జూలై నుంచి నెట్ లేదా స్లెట్ పరీక్ష పాసై ఉంటే చాలు, పీహెచ్‌డీ తప్పనిసరి కాదు. ముప్పై లక్షలు ఎందుకు తగలెయ్యడం?

అయినా డీఎస్‌డబ్ల్యూకే వెళ్తామంటే, ఫీజు కట్టే ముందు కొన్ని విషయాలు మెయిల్ మీద రాయించుకోండి. అమెరికా బయట ఉండేవాళ్లను చేర్చుకుంటారా, ఏడాదికోసారి క్యాంపస్‌కు రమ్మంటారా, క్యాప్‌స్టోన్ మన దేశంలో చేయనిస్తారా అన్నవి. నోటిమాటగా అడ్మిషన్ల వాళ్లు అన్నిటికీ ఔననే అంటారు.

లైబ్రరీ సంగతి చెప్పకపోతే సమీక్ష పూర్తి కాదు. చదివినన్నాళ్లూ ఏ జర్నల్ కావాలంటే ఆ జర్నల్ తెరుచుకునేది. రాయగడలో కూర్చుని అది మామూలు సంగతి కాదు. పట్టా చేతికొచ్చిన కొద్ది వారాలకు లాగిన్ ఆపేశారు. పూర్వ విద్యార్థులకని ఇచ్చేదాంట్లో నాకు కావలసినవి లేవు. ఇప్పుడు శోధగంగలో మనవాళ్ల థీసిస్‌లు, పబ్‌మెడ్ సెంట్రల్‌లో ఉచితంగా దొరికే వ్యాసాలు చూసుకుంటున్నాను. చేరేవాళ్లు చివరి సెమిస్టర్‌లోనే కావలసిన పీడీఎఫ్‌లన్నీ దించి పెట్టుకోండి.